నాయిన తోలు జర్కిన్: కడగాలా, అట్లనే దాచుకోవాలా?

పాలమూరు జిల్లా నుంచి ఒక చెల్లె పెద్ద ఉత్తరం రాసింది. పేరు, ఊరు వేయొద్దని కోరింది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె నాయిన చాలా ఏండ్లు ముంబైలో మేస్త్రి పని చేశాడు. రాత్రి పని పడ్డప్పుడు చలికి ఆగలేక ధారావిలో ఒక నల్ల తోలు జర్కిన్ కొనుక్కున్నాడు. సంక్రాంతికి బొంబాయి బస్సు దిగి వస్తుంటే ఒంటిమీద అదే ఉండేదట. రెండేండ్ల కింద ఆయన కాలం చేశాడు. అమ్మ ఆ జర్కిన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకు పెట్టెలో దాచింది. అప్పుడప్పుడు బయటికి తీసి, కొబ్బరినూనె రాసి, మళ్లీ లోపల పెడుతుంది. ఈ వానాకాలం తీసి చూస్తే కాలరు మీద, చంకల కింద తెల్లగా బూజు పట్టి ఉంది. ముక్కిన వాసన కొడుతోంది.

తమ్ముడు పోలేపల్లిలో మందుల కంపెనీలో చేస్తాడు. మొదటి షిఫ్టుకు తెల్లారకముందే బండి మీద పోవాలి. 'ఈ చలికాలం నాయిన జర్కిన్ నేనే తొడుక్కుంటా, బాగుచేసి ఇయ్యి' అంటున్నాడు. అమ్మేమో 'దాన్ని కడిగితే మీ నాయిన వాసన పోతది, ముట్టొద్దు' అని ఏడుస్తోంది. పోయినోళ్ల బట్టలు ఇంట్లో ఉంచొద్దని మేనత్త అంటోంది. పక్కింటామె సర్ఫు నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయమంది. ఈ చెల్లె దాన్ని మహబూబ్‌నగర్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. తడిగుడ్డతో మోచెయ్యి దగ్గర కొంచెం తుడిస్తే గుడ్డకు నల్లరంగు అంటింది. భయపడి ఆపేసింది. 'అక్కా, నేను ఎవరి మాట వినాలె? ఇంట్లనే శుభ్రం చేయొచ్చా? పాడైతే మా అమ్మకు మొహం ఎట్ల చూపియ్యాలె?' అని అడుగుతోంది.

చెల్లె, గుడ్డకు రంగు అంటగానే చెయ్యి ఆపావు చూడు, అది చాలా మంచి పని చేశావు. చాలామంది అక్కడే ఇంకాస్త గట్టిగా రుద్దుతారు.

ఎవరి మాట వినాలన్నది కాసేపు పక్కన పెడదాం. అమ్మ కోరుకునేది నాయిన గుర్తు, తమ్ముడు కోరుకునేది నాయిన జర్కిన్. నీ ఉత్తరం చదువుతుంటే ఆ రెండూ ఒకే వస్తువులో ఉన్నా ఒకే చోట లేవని నాకు అనిపించింది. అది తర్వాత చెబుతాను. ఈ రెంటికంటే ముందు బూజు సంగతి చూడాలి, ఎందుకంటే అది ఎవరి నిర్ణయం కోసమూ ఆగదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నన్నాళ్లు పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు అమ్మ ముఖం దగ్గర పెట్టుకుంటే వచ్చే వాసనలో నాయినది ఎంత, బూజుది ఎంత, ముక్కిపోయిన నూనెది ఎంత? కదిలించకుండా అట్లనే ఉంచితే వాసన మిగులుతుందన్న అమ్మ నమ్మకం నిలబడదు. ఈ మాట మెల్లగా నువ్వే ఆమెకు చెప్పాలి.

ఈ రోజే పాలిథిన్ కవరు తీసెయ్. పట్టుచీరలున్న బీరువాలో ఆ జర్కిన్ పెట్టకు, బూజు వాటికీ అంటుకుంటుంది. కలరా ఉండలు పురుగును ఆపుతాయి, బూజును ఆపవు. పైగా వాటి వాసన తోలులో చాలాకాలం నిలిచిపోతుంది.

అది నిజం తోలేనా అన్నది కూడా చూడాలి. ధారావి తోలు సరుకుకు పేరున్న చోటే, కానీ ఏ బజారులోనైనా తోలు పక్కనే రెగ్జిన్ కూడా అమ్ముతారు. జేబు లోపలి అంచో, కింది మడత అంచో, ఎక్కడైనా కోసిన అంచు కనబడే చోటు వెతుకు. నిజం తోలైతే అంచు నూగునూగుగా, పీచు పీచుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే పైన సన్నటి పొర, దాని కింద నేసిన బట్ట కనబడతాయి. కాలరు దగ్గర పొట్టు రేగి, కింద బట్ట బయటపడుతుంటే అది రెగ్జినే. అగ్గిపుల్ల గీసి అంచు కాల్చి చూడమని ఎవరన్నా చెబితే వినకు. రెగ్జిన్ అని తేలితే బూజు తుడిచి దాచుకోవడం వరకే మన చేతిలో ఉంటుంది. పొట్టు రేగిన పొరను ఏ నూనె, ఏ క్రీమూ తిరిగి అతికించలేవు. బండి మీద రోజూ వాడితే ఒక్క చలికాలంలో ఊడిపోతుంది. అప్పుడు తమ్ముడికి వేరే జర్కిన్ కొనిచ్చి, దీన్ని అమ్మ దగ్గరే ఉండనివ్వడం మంచిది.

నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నిజం తోలే అనిపిస్తోంది. రంగు ఎందుకు అంటిందో కనుక్కోవాలి. నాయిన దానికి ఎప్పుడైనా బూటు పాలిష్ రుద్దేవాడా అని అమ్మను అడుగు. చాలామంది నల్ల జర్కిన్‌కు మెరుపు కోసం అట్ల చేస్తారు. ఆ పాలిష్ తోలులోకి ఇంకదు, పైనే నిలబడి, తడిచెయ్యి తగిలితే అంటుతుంది. పాలిష్ రాయలేదంటే తోలుకు వేసిన రంగే వదులుతున్నట్టు. అప్పుడు నీళ్లు, స్పిరిట్ రెండింటితోనూ చాలా జాగ్రత్త పడాలి. ఒక పరీక్ష ఉంది. కాలరు వెనక, బయటికి కనబడని చోట ఒక్క నీటిచుక్క వేసి చూడు. చుక్క ముత్యంలా నిలబడితే తోలు మీద రక్షణ పొర ఇంకా ఉన్నట్టు. నిమిషంలోపే ఇంకిపోయి, ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే పొర లేనట్టే, లేదా అరిగిపోయినట్టే. నూనె పట్టిన చోట మాత్రం ఈ పరీక్ష చేయకు. నూనె నీళ్లను ఆపుతుంది, నువ్వు మోసపోతావు. పైభాగమే మెత్తటి నూగుతో ఉండే తోలైతే, అంటే స్వెడ్ రకమైతే, ఇక్కడ చెప్పే తడిపని ఏదీ చేయకు. మెత్తని బ్రష్షుతో పొడిగా దులపడమే.

పక్కింటామె సలహా మంచి మనసుతో ఇచ్చిందే కావచ్చు, కానీ అది చేస్తే జర్కిన్ పోయినట్టే. తోలు కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. బట్టల సోడా, సర్ఫు క్షార గుణం కలవి. పచ్చి తోలును పదును చేసేటప్పుడు మెత్తగా ఉండేందుకు లోపలికి నూనెలు ఎక్కిస్తారు. సర్ఫు నీళ్లలో నానితే ఆ నూనెలు, రంగు కలిసి బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత ఎండలో ఆరేస్తే తోలు ముడుచుకుని రేకులా బిర్రబిగుస్తుంది. పక్షం తర్వాత తొడిగితే మోచేతుల దగ్గర పగుళ్లు తేలతాయి. మన ఊళ్లలో లందల (తోళ్లు నానబెట్టే తొట్ల) దగ్గర తంగేడు చెక్క వేసి తోళ్లు పదును చేసినవాళ్లకు ఇదంతా చేతి పనిగా తెలుసు. ఆ విద్యకు మనం ఇవ్వవలసిన గౌరవం ఏనాడూ ఇవ్వలేదు. ఇప్పుడు ఒంటిమీద వేసుకునే తోళ్లలో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసినవి. పద్ధతి మారినా నీళ్లు, ఎండ, క్షారం వాటికీ శత్రువులే.

ఇప్పుడు బూజు తీసే పని. వాన లేని పూట, గాలి ఆడే చోట, నీడపట్టున చేయాలి. ముక్కుకు మాస్కు కట్టుకో. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే దూరంగా ఉండమను. గడ్డం గీసుకునే మెత్తని బ్రష్షు ఒకటి తీసుకుని, కాలరు నుంచి కిందికి ఒకే దిక్కున తేలికగా దులుపు. ఇంటి వైపు కాకుండా, గాలి పోయే వైపు దులపాలి. కాలరు మడత విప్పి చూస్తే కుట్టు వెంట తెల్లటి గీతలా కూర్చుని ఉంటుంది. జిప్పు పక్కన, జేబు మూత కింద కూడా దాక్కుంటుంది. తర్వాత బ్రష్షు కడిగి ఎండబెట్టు. దులిపేటప్పుడు నువ్వు వేసుకున్న బట్టలు విడిచి ఉతుక్కో.

దులిపినా బూజు వేర్లు మిగులుతాయి. వాటికోసం మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్, నీళ్లు సగం సగం కలిపి, మెత్తని తెల్లగుడ్డను తడిపి గట్టిగా పిండి తుడవచ్చు. శానిటైజర్ వాడొద్దు, దానిలో వేరే సరుకులు కలిసి ఉంటాయి. అయితే నీ జర్కిన్ రంగు వదులుతోంది కదా, కాబట్టి ముందు కాలరు కింద అరంగుళం మేర ఒక్కసారి అద్ది చూడు. తెల్లగుడ్డకు రంగు అంటితే స్పిరిట్ పని అక్కడితో ఆపెయ్. దులపడం, ఆరబెట్టడంతోనే సరిపెట్టుకోవాలి. మచ్చ కొంచెం మిగిలినా ఫరవాలేదు. అంటకపోతే బూజు ఉన్నచోట్ల మాత్రమే తుడిచి, వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి, ఫ్యాను గాలిలో రెండు రోజులు ఆరనివ్వు. తొందరపడి హెయిర్ డ్రయర్ పెట్టకు. రేకుల గదిలోనూ వేలాడదీయకు, మన దగ్గర వానాకాలంలో కూడా ఎండ కాసిన రోజు ఆ గది కాలిపోతుంది.

కొబ్బరినూనె గురించి అమ్మను తప్పు పట్టకు. తోలు ఎండిపోవద్దనే ఆమె రాసింది. కానీ కొబ్బరినూనె తోలులో ఆరదు. లోపలే ఉండి ముక్కిపోతుంది, రంగు ముదిరిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది. ఆముదం, ఆలివ్ నూనెల తీరూ దాదాపు ఇంతే. జిడ్డు తగిలే చోట్ల ముందు పొడిగుడ్డతో అద్దు. తర్వాత మామూలు టాల్కం పౌడరో, మొక్కజొన్న పిండో మందంగా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులుపు. పౌడరు ముద్దకట్టి పసుపురంగు తిరిగి ఉంటే నూనె పీలుస్తున్నట్టే, మళ్లీ ఒకసారి చల్లు. ఏండ్ల కింద లోపలికి దిగిన నూనె మొత్తం రాదు. కొన్ని చోట్ల ముదురు మరకలు ఉండిపోతాయి. నల్ల తోలు కాబట్టి అంతగా కనబడవు.

నిజానికి ఇంతవరకు చేస్తే చాలు. జర్కిన్ బతుకుతుంది. దీని తర్వాత నీ ముందు మూడు దార్లు ఉన్నాయి.

ఒకటి, ఇక్కడితో ఆపి దాచుకోవడం. నాయిన వాసన ఎంత మిగిలి ఉంటే అంత మిగులుతుంది. బూజు మళ్లీ రాకుండా చూసుకోవాలి. తమ్ముడికి మాత్రం దక్కదు. మెడ దగ్గర పాత చెమట, జిడ్డు ఉండగా ఎవరూ తొడగకుండా పెట్టెలో ఉంచితే ఏటా వానాకాలం నీకు ఈ పనే.

రెండు, తోలు శుభ్రం చేసే చోట ఇవ్వడం. దీనికి హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. మామూలు డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకు. బట్టలకు వాడే ఆ ద్రావణం తోలులోని నూనెలను కూడా లాగేస్తుంది. ఇచ్చేముందు నిలబడి అడుగు: పని మీరే చేస్తారా, వేరే చోటికి పంపుతారా? శుభ్రం చేశాక తోలుకు మళ్లీ నూనెలు పట్టిస్తారా? రంగు వేస్తారా? పాత తోలుకు పూచీ మాది కాదని చీటీ మీద రాసే ఇస్తారు. అది చదివి, ఒప్పుకుంటేనే ఇవ్వు. ఈ దారిలో జర్కిన్ అందంగా తిరిగొస్తుంది. వాసన మాత్రం ఏమీ మిగలదు. అమ్మకు చెప్పకుండా ఈ పని చేశావంటే ఆ గాయం జర్కిన్‌తో పోయేది కాదు.

మూడోది నాకు అన్నింటికంటే మంచిదిగా తోస్తోంది. ఇందాక చెబుతానన్న మాట ఇదే. మనిషి చెమట, ఒంటి వాసన పై తోలులో తక్కువ, లోపలి అస్తరు బట్టలో ఎక్కువ. చేతులు, మెడ, వీపు తగిలింది దానికే. అస్తరును విప్పదీయించి అమ్మకు ఇవ్వొచ్చు. తోలుకు కొత్త అస్తరు వేయించి తమ్ముడికి ఇవ్వొచ్చు. విప్పిన అస్తరు మామూలు బట్టే కాబట్టి ఎండకు భయం లేదు. ఉతకకుండా ఒక రోజు ఎండలో, గాలిలో వేసి, తేమ పూర్తిగా పోయాక మూతబిగుతు స్టీలు డబ్బాలో పెట్టి ఇవ్వు. బూజు మరీ పట్టిన ముక్కలుంటే అవి కత్తిరించి తీసెయ్. బీడీకట్ట పెట్టుకున్న లోపలి జేబు ఉంటే అది మాత్రం వదలకు. మూత తీసిన ప్రతిసారీ వాసన కొంచెం తగ్గుతుంది. ఇది కూడా అమ్మకు ముందే చెప్పాలి, తర్వాత తెలిసి బాధపడొద్దు.

ఈ దారికి ఖర్చు ఉంది, ప్రమాదమూ ఉంది. తోలులో సూది దిగిన రంధ్రం పూడదు. కొత్త చోట కుడితే పాత రంధ్రాల వరుస, కొత్త వరుస కలిసి అక్కడ చిరుగుతుంది. కాబట్టి కుట్టేవారికి 'తోలు ముట్టొద్దు, పాత అస్తరు కుట్టు ఎక్కడుందో అక్కడే వేయాలె' అని గట్టిగా చెప్పు. కోట్లు కుట్టే దర్జీ అయితే మేలు. బండి సీటు కవర్లు కుట్టే చోట తోలు సూది ఉంటుంది గానీ ఒంటికి తొడిగే బట్ట కుట్టడం వాళ్ల పని కాదు. పాత అస్తరును పారేయకుండా నీ చేతికే ఇవ్వమని ముందే మాట తీసుకో. విప్పిన గుడ్డ ఎందుకని వాళ్లు పారేస్తారు.

తమ్ముడికి ఇచ్చేముందు ఒకసారి తోలును పరీక్షించు. మోచెయ్యి దగ్గర, భుజం దగ్గర రెండు వేళ్లతో మెల్లగా మడువు. సన్నటి గీతలు కనబడి, వదలగానే కలిసిపోతే బాగుంది. గీత తెరుచుకుని లోపలి పీచు కనబడితే, రోజూ బండి మీద తొడిగే బలం దానికి లేదు. పండుగకో, పెండ్లికో తొడుక్కోమను. బలంగానే ఉంటే శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. గోరువెచ్చని మగ్గు నీళ్లలో రెండు చుక్కలు చిన్నపిల్లల షాంపూ వేసి, గుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి, ఒక్కో భాగమూ తుడవాలి. ముందు వీపు, తర్వాత చేతులు, చివరికి కాలరు. వెంటనే ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఇక్కడా రంగు అంటుతుంటే అక్కడికక్కడే ఆపాలి. పూర్తిగా ఆరాక, బూజు లేదని నమ్మకం కలిగాకే, రంగులేని లెదర్ కండిషనర్ రూపాయి బిళ్లంత తీసుకుని వీపు మొత్తానికి పలచగా రాయాలి. బూజు ఉండగా క్రీమ్ రాస్తే దానికే మేత అవుతుంది. కొన్ని గంటల తర్వాత పొడిగుడ్డతో రుద్దితే చాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం లేదు. జిప్పు పట్టేస్తే మైనం కొవ్వొత్తి పళ్ల వెంట రుద్దు. ముడతలకు ఇస్త్రీ పెట్టొద్దు, హ్యాంగర్‌కు నాలుగు రోజులు వేలాడితే వాటంతట అవే సాగుతాయి.

తమ్ముడికి కూడా రెండు మాటలు చెప్పు. వానలో తడిస్తే పొడిగుడ్డతో అద్ది నీడలో ఆరేయాలి, పొయ్యి దగ్గర కాదు. సెంటు దాని మీద కొట్టొద్దు. తోలు జర్కిన్‌కు గాలి తగలడం మంచిదే. అప్పుడప్పుడు తొడిగేది పెట్టెలో మూలిగేదానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. వేసవిలో దాచేటప్పుడు మడత పెట్టకుండా, భుజాలకు సరిపోయే వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి, అమ్మ పాత నూలు చీర ఒకటి కప్పాలి. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టొచ్చు. వానాకాలంలో రెండు వారాలకోసారి బయటికి తీసి ఫ్యాను కింద పెట్టాలి.

మేనత్త మాట గురించి. అది ఆమె నమ్మకం, వాదించి గెలవాల్సిన పని లేదు. మన పల్లెల్లో తండ్రి గొంగడి కొడుకు కప్పుకోవడం, తండ్రి గడియారం కొడుకు కట్టుకోవడం కొత్తేమీ కాదు. మీ ఇంట్లో అమ్మకు, తమ్ముడికి అభ్యంతరం లేనప్పుడు బయటి మాట మీద నిర్ణయం తీసుకోకండి. అమ్మకే ఆ శంక ఉంటే మాత్రం తమ్ముడు ఆగాలి.

ఇక అమ్మకు మొహం ఎట్ల చూపాలని అడిగావు కదా. నీ ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఈ పని చేయకు. జర్కిన్ తీసుకుని ఊరికి పో. కాలరు మడత విప్పి ఆ బూజు ఆమెకు చూపించు. మూడు దార్లూ చెప్పు, వెంటనే జవాబు అడగకు. దులిపేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకో. ఇన్నాళ్లూ ఆ జర్కిన్‌ను చూసుకున్నది ఆమె చేతులే, ఆ పని ఆమె చేతుల నుంచి లాగేయకూడదు. కొబ్బరినూనె సీసా బదులు క్రీమ్ డబ్బా ఆమెకే ఇవ్వు, ఎంత రాయాలో నేర్పు. తమ్ముడికి ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నోటితోనే రానివ్వు. ఈ చలికాలం వద్దంటే వద్దు. అప్పటిదాకా తమ్ముడికి ఒక మామూలు జర్కిన్ కొనివ్వండి. తెల్లారకముందు ఆ రోడ్డు మీద చలికి వణుకుతూ బండి నడపడం కూడా మంచిది కాదు.

ఆమె అస్తరు దారికి ఒప్పుకుంటే, దర్జీ దగ్గరికి పోయేముందు లోపలి జేబులన్నీ ఒకసారి చేత్తో తడిమి చూడండి. బస్సు టికెట్టో, చీటీయో, చిల్లరో మిగిలి ఉంటే దర్జీ బల్ల మీద పోగొట్టుకోవద్దు.